దేంట్ల వాటా?
(ముందుమాట)

గోదావరిఖనిలో విలేకరిగా ఉన్న రోజుల్లో దసరా ముందు నాకు ఊపిరాడేది కాదు. సింగరేణి లాభాల్లో కార్మికుల వాటా ప్రకటించే కాలం అది. శాతం ఎంతో బయటికి రాగానే ఇంటి ముందు మనుషులు చేరేవాళ్లు. అలాంటి ఒక సాయంత్రం, మొదటి షిఫ్టు దిగి స్నానం చేసి వచ్చిన ఒక కోల్ కట్టర్ మా వరండాలో కూర్చుని అడిగాడు: "శాతం ముచ్చట సరే సార్. దేంట్ల వాటా?" మొత్తం లాభంలోనా, పక్కన పెట్టేవన్నీ పెట్టాక మిగిలిన దాంట్లోనా అని ఆయన ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. ఆయన పక్కన తొమ్మిదో తరగతి చదివే కూతురు నిలబడి ఉంది. కాలనీ గ్రౌండులో బాస్కెట్‌బాల్ ఆడి నేరుగా వచ్చినట్టుంది, మట్టిపట్టిన బూట్లు చేతిలో పట్టుకుంది.

ఆ అమ్మాయి రాసిన పుస్తకం ఇది. అమెరికా మహిళా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగులో, అంటే డబ్ల్యూఎన్‌బీఏలో, ఆటగాళ్ల సంఘానికీ యాజమాన్యానికీ మధ్య నడిచిన వేతన చర్చలను ఏళ్ల తరబడి వెంటపడి రాసిన విలేకరి అనుభవాలు. ఎమ్మెస్ చదవడానికి అక్కడికి వెళ్లి, ఉద్యోగంలో కుదురుకుని, సాయంత్రాలూ శనాదివారాలూ స్టేడియాల్లో గడుపుతూ ఆమె ఈ పనిలోకి దిగింది. మొదట్లో నాకు ఒక వ్యాసం పంపి అభిప్రాయం అడిగితే, "ఆటల పేజీలో జీతాల గొడవ ఎవరు చదువుతారమ్మా" అన్నాను. నలభై ఏళ్లు జీతాల గొడవలే రాసినవాణ్ని అలా అనకూడదు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఈ ముందుమాటే తగిన చోటు.

ఈ లీగు 1997లో ఎనిమిది జట్లతో మొదలైంది. మరుసటి ఏడాదే ఆటగాళ్లు సంఘం పెట్టుకున్నారు. మహిళా ప్రొఫెషనల్ క్రీడాకారుల తొలి కార్మిక సంఘం అదే. 1999లో తొలి ఒప్పందం కుదిరింది. 2003లో బేరం తెగక సీజనే రద్దయ్యేదాకా వెళ్లి, చివరికి ఏప్రిల్‌లో గట్టెక్కింది. ఒప్పందం గడువు తీరిన ఆటగత్తె తనకు నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ అప్పుడే వచ్చింది. ఈ తొలి చరిత్రను రచయిత్రి రెండు చిన్న అధ్యాయాల్లో ముగించింది. అది సబబే. ఆమె కళ్లారా చూసిన కథ ఆ తర్వాతిది.

2018 ఆగస్టులో లాస్ వేగస్ ఏసెస్ జట్టు వాషింగ్టన్ బయల్దేరింది. అప్పట్లో ఆటగాళ్లంతా మామూలు ప్రయాణికుల విమానాల్లోనే వెళ్లాలి. విమానాలు ఆలస్యమై, రద్దయి, కొందరు డాలస్ విమానాశ్రయంలోనే నిద్రపోయి, పాతిక గంటలకు పైగా ప్రయాణం చేసి ఊరు చేరారు. ఆ ఒంటితో ఆడలేమన్నారు. లీగు ఆ ఆటను వాళ్లు ఓడినట్టు ప్రకటించింది. ఆ ఏడాది ఏసెస్ ఒక్క గెలుపు తేడాతో ప్లేఆఫ్‌కు దూరమైంది. ఈ సంఘటన అమెరికా పత్రికల్లో అప్పుడే వచ్చింది. దీన్ని ఒప్పందంలోని ప్రయాణాల నిబంధనతో కలిపి చదివి, తప్పు వాతావరణానిదో విమానానిదో కాదు, సంతకం పెట్టిన కాగితానిదని చూపించడమే ఈ పుస్తకంలో నాకు నచ్చిన పని. కార్మిక విలేకరి కన్ను అది. మా బొగ్గుబావుల్లో ప్రమాదం జరిగినప్పుడు మేమూ అలాగే ముందు సర్క్యులర్ వెతికేవాళ్లం.

ఆ నవంబరులోనే సంఘం పాత ఒప్పందం నుంచి ముందుగా తప్పుకుంది. సంఘాధ్యక్షురాలు నెకా ఓగ్వుమికే ఆ నిర్ణయాన్ని వివరిస్తూ తన పేరుతో బహిరంగంగా వ్యాసం రాసింది. 2020 జనవరిలో కొత్త ఒప్పందం వచ్చింది. గరిష్ఠ జీతం 1,17,500 డాలర్ల నుంచి 2,15,000కు పెరిగింది. పత్రికలన్నీ ఈ అంకె దగ్గర ఆగాయి. ఈమె ఆగలేదు. ఒప్పందం మొత్తం అచ్చు తీసుకుని, మూడు రంగుల కాగితపు చీటీలు అంటించుకుంటూ చదివింది. ప్రసూతి సెలవులో పూర్తి జీతం, ఏడాదికి 5,000 డాలర్ల శిశు సంరక్షణ భత్యం, బిడ్డ ఉన్న తల్లికి రెండు పడగ్గదుల ఇల్లు, బయటి ఊళ్లలో ఎవరి హోటల్ గది వారికి, విమానంలో కాస్త కాళ్లు చాపుకునే సీటు. ఈ లీగు ఆటగత్తె బ్రిట్నీ గ్రైనర్ ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ మోకాళ్లు మామూలు సీటులో ఎలా ఇముడుతాయో ఒకసారి ఊహించుకోండి. ఈ నిబంధనల్లో ఒక్కొక్కదాని వెనక ఎవరో ఒక ఆటగత్తె గట్టిగా నోరు విప్పిన రోజు ఉందని రచయిత్రి ఓపిగ్గా చూపిస్తుంది.

అదే ఒప్పందంలో "రాబడిలో సగం సగం" అన్న మాట కూడా ఉంది. అప్పటి వార్తలన్నీ దాన్ని తలకెత్తుకున్నాయి. ఈమె మాత్రం వాళ్ల నాన్న అడిగిన ప్రశ్నే అడిగింది: దేంట్ల వాటా? తీరా చూస్తే, ముందే గీసిన లక్ష్యాన్ని దాటి వచ్చిన అదనపు రాబడిలో మాత్రమే అది. ఆ ఏడాదే కరోనా వచ్చింది. సీజన్ మొత్తం ఫ్లోరిడాలో ఒకే చోట, ప్రేక్షకులు లేకుండా, జట్టుకు 22 ఆటలతో నడిచింది. మొదటి కొన్నేళ్లు రాబడి ఆ గీత దాటనే లేదు. ఆరో అధ్యాయంలో ఈ లెక్క చదువుతుంటే మా సంగతే గుర్తుకొచ్చింది. సింగరేణి 2023-24లో 4,701 కోట్ల లాభం చూపింది. అందులో విస్తరణకని 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు ఇచ్చారు. మొత్తం లాభం మీదే లెక్కకట్టాలని సంఘాలు పట్టుబట్టాయి. పెద్దపల్లి జిల్లాలోనూ అమెరికా లీగులోనూ పంచాయితీ ఒక్కటే.

విలేకరి జీవితం గురించి ఈమె రాసినవి చాలా తక్కువ, రాసిన ప్రతిదీ నిజం. చర్చల వార్త రాసేవాడికి ఆట కనిపించదు, గది తలుపు కనిపిస్తుంది. లోపల ఏం జరుగుతోందో ఎవరూ చెప్పరు. హోటల్ వరండాలో గంటల తరబడి నిలబడితే, ఎవరి ముఖం ఎలా ఉందన్నదే వార్త. సొంత ఖర్చుతో ప్రయాణాలు, ఇద్దరు ముగ్గురు విలేకరులు కలిసి తీసుకునే గది, మర్నాడు పొద్దున్నే ఆఫీసు. ఆమె నోటుపుస్తకం ఒకటి నేను చూశాను. యాజమాన్యం చెప్పింది నీలం సిరాతో, ఆటగాళ్లు చెప్పింది ఎర్ర సిరాతో, తాను స్వయంగా చూసింది పెన్సిల్‌తో రాసుకుంటుంది. వార్త పంపే ముందు పెన్సిల్ గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుంటుంది. మరీ తక్కువుంటే ఆ రోజు పంపదు. ఇది నేను నేర్పింది కాదు. ఎవరు నేర్పారని అడిగితే, "నాన్న హాజరు కార్డు సార్" అంది. బావిలోకి దిగినట్టు ఒక గుర్తు, ఎక్కినట్టు ఒక గుర్తు.

ఈ వృత్తిలో తనకు ముందు నడిచినవాళ్లనూ ఆమె మరవలేదు. 1976లో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ విలేకరి మెల్ గ్రీన్‌బర్గ్ కోచ్‌లకు ఫోన్లు చేసి మహిళా కాలేజీ జట్లకు ర్యాంకులు కట్టడం మొదలుపెట్టాడు. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ విలేకరి మెలిస్సా లడ్కీ, మగ విలేకరులకున్న ప్రవేశం తనకూ ఉండాలని బేస్‌బాల్ డ్రెస్సింగ్ రూమ్ విషయంలో కోర్టుకెక్కింది. 1978లో న్యాయమూర్తి కాన్‌స్టన్స్ బేకర్ మోట్లీ ఆమె పక్షాన తీర్పిచ్చింది. మన తెలుగు పాఠకులకు ఈ పేర్లు కొత్త. ఆ కథ కోసమైనా ఈ పుస్తకం కొనాలి.

2022 అధ్యాయం చదవడానికి గుండె దిటవు కావాలి. ఆ ఫిబ్రవరిలో గ్రైనర్‌ను మాస్కో విమానాశ్రయంలో అరెస్టు చేశారు. డిసెంబరులో గానీ విడుదల కాలేదు. లోకమంతా దాన్ని దౌత్య సమస్యగా చూసింది. అసలామె రష్యాకు ఎందుకు వెళ్లింది? ఏడాదిలో సగం స్వదేశంలో ఆడి, మిగతా సగం రష్యాలోనో తుర్కియేలోనో చైనాలోనో ఆడితే తప్ప ఆ స్థాయి ఆటగత్తెకు ఆ స్థాయి డబ్బు అప్పట్లో వచ్చేది కాదు. 2015లో మరో ఆటగత్తె డయానా టౌరాసీని స్వదేశీ సీజన్ మానేసి విశ్రాంతి తీసుకొమ్మని, అందుకయ్యే జీతం తామే ఇస్తామని ఆమె రష్యా జట్టే చెప్పింది. ఈ రెండు సంగతులనూ రచయిత్రి పక్కపక్కన పెట్టి, పైన ఒక్క వాక్యం కూడా జోడించలేదు. ఆ సంయమనాన్ని మెచ్చుకోకుండా ఉండలేను.

యాజమాన్యం వాదనకు ఒక అధ్యాయం మొత్తం ఇచ్చింది. ఏళ్ల తరబడి నష్టాలు భరించి లీగును బతికించామన్న వాళ్ల మాటను కత్తిరించకుండా రాసింది. న్యూయార్క్ లిబర్టీ జట్టు యజమానులు 2021లో తమ ఆటగాళ్లను ప్రత్యేక విమానాల్లో తీసుకెళ్లినందుకు లీగు 5,00,000 డాలర్ల జరిమానా వేసిన సంగతీ అక్కడే ఉంది. ఒకరికున్న సౌకర్యం అందరికీ లేకపోతే పోటీ సమానంగా ఉండదన్నది లీగు వాదన. ఆ వాదనలో పస ఉందని రచయిత్రి ఒప్పుకుంటుంది. 2024లో అన్ని జట్లకూ ప్రత్యేక విమానాలు వచ్చేసరికి ఆ గొడవ తీరింది. సంఘం వైపు మనసున్న విలేకరి అవతలివాళ్ల మాట ఇంత నిజాయితీగా రాయడం అరుదు.

2024లో ఇండియానా ఫీవర్ జట్టు ఎంచుకున్న కెయిట్లిన్ క్లార్క్‌కు మొదటి ఏడాది జీతం 76,535 డాలర్లు. ఆమె ఆట చూడటానికి హాళ్లు నిండిపోయాయి. అదే ఏడాది జులైలో 11 ఏళ్లకు దాదాపు 220 కోట్ల డాలర్ల టీవీ ఒప్పందం కుదిరింది. అక్టోబరులో సంఘం మళ్లీ ఒప్పందం నుంచి తప్పుకుంది. మహిళల జీతాల మీద పరిశోధనకు నోబెల్ అందుకున్న క్లాడియా గోల్డిన్ సంఘానికి సలహాదారుగా నిలబడింది. 2025 జులైలో ఇండియానాపోలిస్ ఆల్‌స్టార్ ఆటకు ముందు ఆటగాళ్లంతా ఒకే మాట రాసిన చొక్కాలు తొడుక్కుని వచ్చారు: మాకు బాకీ ఉన్నది మాకివ్వండి. బహుమతి ఇచ్చే వేళ ప్రేక్షకులు కూడా గొంతు కలిపి, వాళ్లకివ్వండి అని అరిచారు. రచయిత్రి ఆ రాత్రి అక్కడే ఉంది. పుస్తకం అక్కడే ఆగింది. ఆ తర్వాతి నెలల్లో బేరం చిక్కుకున్నది కూడా మొత్తం రాబడిలో వాటానా, ఖర్చులు పోను మిగిలిన దాంట్లో వాటానా అన్న చోటే.

లోపాలు లేవా? ఉన్నాయి. స్టేడియంలో టికెట్లు చూసేవాళ్లు, నేల తుడిచేవాళ్లు ఒక్క పేరాలో వచ్చి వెళ్లిపోతారు. వాళ్ల జీతం ఎంతో అడగాల్సింది. మలి ముద్రణలో ఆ అధ్యాయం చేర్చమని చెప్పాను, ఒప్పుకుంది. తెలుగు విషయంలో మాత్రం నాకు వంక దొరకలేదు. రాబడి వాటా, ఉమ్మడి ఒప్పందం, ముందే తప్పుకునే హక్కు అని తేటగా రాసింది. వేజ్ బోర్డు, లాకౌట్ లాంటి మాటల్ని మా బొగ్గుబావుల కార్మికులు ఎలా అంటారో అలాగే ఉంచేసింది.

ఇక మన ఆటల పేజీల్లో పనిచేసే పిల్లలకు ఒక మాట. 2022 అక్టోబరులో క్రికెట్ బోర్డు మహిళలకూ మగవాళ్లతో సమానంగా మ్యాచ్ ఫీజు ప్రకటించింది: టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. మంచి పని. 2025 నవంబరులో మన అమ్మాయిలు ప్రపంచకప్ గెలిస్తే, ఆ జట్టులో కడప జిల్లా శ్రీచరణి ఉందని మనమంతా పొంగిపోయాం. కానీ ఆ ఫీజు ఎదురుగా కూర్చుని బేరమాడి తెచ్చుకున్నది కాదు. 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం రిటైరైనవాళ్లది. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున బోర్డుతో మాట్లాడే సంఘం లేదు. మీరు ముందు ఆరో అధ్యాయం చదవండి. ఆ తర్వాత మీ ఊరి జట్టు అమ్మాయి దగ్గరకు వెళ్లి, ఈ సీజన్‌లో ఆమె సంతకం పెట్టిన కాగితం ఒకసారి చూపించమని అడగండి.