ఏటికొప్పాక లక్క పనితనం

ఎలమంచిలి దగ్గర, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో లేత్ మిషన్ల పక్కనే ఒకరికొకరు తోడుగా లక్కబొమ్మలు చేసే కళాకారులను చూస్తే ముచ్చటేస్తుంది. మెత్తని అంకుడు కర్రను ఉలితో నున్నగా చెక్కుతారు. గిర్రున తిరిగే ఆ కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టేస్తుంది. పైన మొగలి ఆకు అదిమితే అద్దంలా మెరుస్తుంది. రంగులు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల నుంచి తీసినవి. బండి బొమ్మకు చక్రాలు ఒకరు చేస్తే, మిగతాది ఇంకొకరు. పెద్ద ఆర్డరొస్తే పంచుకుంటారు. కుర్రాడి ఉలి వాటం తప్పితే పక్కనున్న పెద్దాయన సరిచేస్తాడు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సహజ రంగులకు మళ్లీ ఊపిరిపోసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. విశాఖలో లక్కబొమ్మ కొనేటప్పుడు ‘ఏటికొప్పాకదేనా?’ అని అడిగి మరీ కొనండి.