మట్టి నుంచి పచ్చికకు మూడు వారాలు

2007 మే నెలలో స్పెయిన్‌కు చెందిన మయోర్కా దీవిలో ఒక వింత టెన్నిస్ మ్యాచ్ జరిగింది. నెట్‌కు ఒక పక్క ఎర్రమట్టి, మరో పక్క పచ్చిక. అప్పటికి రఫెల్ నాదల్ మట్టి మీద వరసగా 72 మ్యాచ్‌లు, రోజర్ ఫెదరర్ పచ్చిక మీద వరసగా 48 మ్యాచ్‌లు గెలిచి ఉన్నారు. ఆ ఇద్దరినీ సగం సగం కోర్టు మీద ఆడించారు. పక్కలు మారినప్పుడల్లా ఇద్దరూ బూట్లు విప్పి వేరే జత తొడుక్కున్నారు. మూడో సెట్ టైబ్రేక్‌లో నాదల్ గెలిచాడు. గెలుపు సంగతి అలా ఉంచితే, చూడాల్సింది ఆ బూట్లనే. మట్టి బూటు అడుగున చేపముల్లులాంటి గాళ్లుంటాయి. కాలు జారాలి, జారి ఆగాలి. పచ్చిక బూటుకు చిన్న చిన్న బొడిపెలు; అసలు జారకూడదు.

పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ జరిగే రోలాండ్ గారోస్ కోర్టు అడుగున కంకర, దాని మీద బొగ్గు చిట్టెం, ఆపైన సున్నపురాయి పొడి ఉంటాయి. అన్నిటికీ పైన ఇటుక పొడి, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందాన. బంతిని పట్టి ఆపేది ఆ పలచని పొరే. ముందుకు దూసుకెళ్లే వేగం తగ్గి బంతి నిటారుగా లేస్తుంది, టాప్‌స్పిన్ తోడైతే భుజాల ఎత్తుకు వస్తుంది. మబ్బు పట్టిన రోజు బంతి తేమ పీల్చి బరువెక్కుతుంది. ఎండ కాస్తే అదే కోర్టు వేగం పుంజుకుంటుంది. ఒక్క దెబ్బతో పాయింటు తెగదు. అక్కడ నాదల్ 116 మ్యాచ్‌లు ఆడి నాలుగే ఓడాడు, 14 టైటిళ్లు గెలిచాడు.

అతని కాళ్లను గమనించండి. పరుగెత్తి, ఆగి, అప్పుడు కొట్టేవాడు మట్టి మీద ఆలస్యమైపోతాడు. విద్య తెలిసినవాడు బంతిని అందుకోకముందే జారడం మొదలుపెడతాడు. జారుడు ముగిసే వేళకు రాకెట్ బంతిని తాకాలి. కొట్టాక జారితే కోర్టు మధ్యకు తిరిగి రావడంలో ఒక అడుగు వెనకబడతాడు. ఎదుటివాడికి ఆ అడుగు చాలు.

ఇదంతా ఒంటికి పట్టి, ఫ్రెంచ్ ఓపెన్ ముగిసిన మూడు వారాలకే వింబుల్డన్ మొదలవుతుంది. 2014 దాకా మధ్యలో రెండే వారాలుండేవి. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించిన రై గడ్డి మీద బంతి పెద్దగా లేవదు, జారుకుంటూ వచ్చేస్తుంది. మోకాళ్లు బాగా వంచాలి, రాకెట్‌ను వెనక్కి తక్కువ లాగాలి, అడుగులు చిన్నవి వేయాలి. మొదటి వారంలో పచ్చిక ఇంకా నున్నగా ఉంటుంది. పారిస్ అలవాటుతో జారబోయినవాడు కింద పడతాడు.

బ్యోర్న్ బోర్గ్ 1978, 79, 80లలో ఈ రెండు టోర్నీలూ గెలిచాడు. టెన్నిస్‌లో ఇంతకు మించిన ఘనత నాకు కనబడదు. ఆ తర్వాత ఒకే ఏడాది రెండూ గెలిచే మగవాడి కోసం 2008లో నాదల్ దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో వచ్చినవాళ్లేమీ తక్కువవాళ్లు కాదు. వింబుల్డన్‌ను ఏడుసార్లు గెలిచిన పీట్ సాంప్రాస్ పారిస్‌లో ఫైనల్‌కైనా చేరలేదు. పారిస్‌ను మూడుసార్లు గెలిచిన ఇవాన్ లెండిల్, పచ్చిక మీద సాధన కోసం 1990లో ఫ్రెంచ్ ఓపెన్‌నే వదులుకున్నాడు. అయినా వింబుల్డన్ దక్కలేదు.

మిగతా రెండు పెద్ద టోర్నీలు జరిగే మెల్‌బోర్న్, న్యూయార్క్‌లవి హార్డ్ కోర్టులు. బంతి ఎక్కడ పడ్డా ఇంచుమించు ఒకేలా లేస్తుంది. ఆ గట్టిదనం భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. న్యూయార్క్‌లోని యూఎస్ ఓపెన్ 1974 వరకు పచ్చిక మీద, తర్వాత మూడేళ్లు మట్టి మీద సాగి, 1978లో హార్డ్ కోర్టుకు మారింది. జిమ్మీ కానర్స్ దాన్ని మూడు నేలల మీదా గెలిచాడు.

మన హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా పేడతో అలికిన కోర్టుల మీద ఆట నేర్చుకున్నానని చెప్పింది. అలాంటి ఆమె 2012లో మహేశ్ భూపతితో కలిసి పారిస్ మట్టి మీద మిక్స్‌డ్ డబుల్స్, 2015లో మార్టినా హింగిస్‌తో వింబుల్డన్ పచ్చిక మీద మహిళల డబుల్స్ గెలిచింది.

నా దిగులల్లా పచ్చిక గురించే. 2001లో వింబుల్డన్ కోర్టులను పూర్తిగా రై గడ్డికి మార్చారు. కోర్టు ఎక్కువ రోజులు మన్నాలని చేసిన పని అది. నేల గట్టిపడి బంతి కాస్త పైకి లేవసాగింది. ఆ మరుసటి ఏడాది హెవిట్, నాల్బాండియన్‌ల ఫైనల్ బేస్‌లైన్ దగ్గర్నుంచే నడిచింది. సర్వీస్ చేసి నెట్ మీదికి దూకే ఆటకు పచ్చికే పుట్టిల్లు, అక్కడ కూడా చోటు లేకపోతే ఆ విద్య ఎక్కడ బతుకుతుంది? సాంప్రాస్ రోజుల్లో రెండో వారానికి బేస్‌లైన్ నుంచి నెట్ వైపు గడ్డి అరిగి బాట పడేది. ఇప్పుడు బేస్‌లైన్ వెంటే నేల బయటపడుతోంది. కోర్టు వేగం కొంచెం పెంచమని నిర్వాహకులను గట్టిగా అడగాల్సిన సమయం ఇది.