సెట్టింగ్ లేనప్పుడు ఏమని జవాబివ్వాలి?

ప్రోగ్రామ్ లేవగానే తన సెట్టింగుల కోసం వెతుక్కుంటుంది: డేటాబేస్ ఎక్కడుంది, జవాబు కోసం ఎన్ని సెకన్లు ఆగాలి, ప్రాక్సీ ఏది. అడిగినవి దొరికితే గొడవే లేదు. దొరకనప్పుడు ఏం చెబుతుందన్న దాంట్లోనే ఏపీఐ రాసినవారి పనితనం బయటపడుతుంది.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో పెట్టిన సెట్టింగ్‌ను చదివే సీ భాషలోని గెట్‌ఎన్వ్, ఆ పేరే లేకపోతే నల్ ఇస్తుంది. పేరుండి విలువ ఖాళీ అయితే ఖాళీ స్ట్రింగ్ ఇస్తుంది. కీలకమంతా ఈ తేడాలోనే ఉంది. ప్రాక్సీ వద్దనే ఒకరు ఆ విలువను ఖాళీగా ఉంచారనుకోండి. అసలు పెట్టనే లేదనుకుని ప్రోగ్రామ్ డిఫాల్ట్ ప్రాక్సీని పట్టుకుంటే, ఆయన మాటకు విలువేముంది? యూనిక్స్ షెల్ దీన్ని ఒక్క కోలన్‌తో తేల్చేసింది. వేరియబుల్ పేరు తర్వాత ఉత్త హైఫన్ పెడితే, పేరు లేనప్పుడే డిఫాల్ట్ వస్తుంది. హైఫన్ ముందు కోలన్ చేరిస్తే ఖాళీ విలువకూ వస్తుంది. ఏళ్ల తరబడి స్క్రిప్టులు రాసేవాళ్లలోనూ ఈ సంగతి గమనించనివాళ్లుంటారు!

గో భాషలో ఓఎస్ ప్యాకేజీలోని గెట్‌ఎన్వ్ రెండు సందర్భాల్లోనూ ఖాళీ స్ట్రింగే ఇస్తుంది. అందుకే 2015లో 1.5 వెర్షన్‌తో లుకప్‌ఎన్వ్ వచ్చింది. విలువతో పాటు అది ఉందో లేదో కూడా చెబుతుంది. జావాలోని బూలియన్.గెట్‌బూలియన్ ఇంకా మొండిది. సెట్టింగ్ లేకపోయినా ఫాల్సే, ట్రూ అనడానికి బదులు ఎస్ అని రాసినా ఫాల్సే. నా లెక్కలో అది జవాబు కాదు, దాటవేత.

నల్‌తో ఇంకో చిక్కుంది. లోపం ఒకచోట, ప్రోగ్రామ్ కూలేది మరోచోట. 1965లో ఆల్గాల్ డబ్ల్యూ కోసం నల్‌ను ప్రవేశపెట్టిన టోనీ హోర్, 2009లో దాన్ని తన వంద కోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకున్నారు. రస్ట్ ఆ దారి పట్టలేదు. దాని ఎన్వ్ వార్ ఫంక్షన్ రిజల్ట్ ఇస్తుంది. వేరియబుల్ లేదన్నది ఒక లోపం, ఉన్నా యూనికోడ్ కాదన్నది మరో లోపం. రెంటికీ వేర్వేరు పేర్లు.

పైథాన్ రెండు దారులూ తెరిచింది: చదరపు బ్రాకెట్లతో అడిగితే కీఎర్రర్, గెట్‌తో అడిగితే నన్ లేదా మనమిచ్చిన డిఫాల్ట్. వాడేవారికి ఇది హాయి. కానీ ఒకే సెట్టింగ్‌ను మూడుచోట్ల చదివి, ఒకచోట 30, మరోచోట 60 డిఫాల్ట్ రాస్తే ఏది నిజమో ఎవరికీ తెలియదు. డిఫాల్ట్‌లు సెట్టింగులను ప్రకటించేచోటే, ఒక్కసారే ఉండాలి.

పాస్‌వర్డ్, డేటాబేస్ చిరునామా లాంటి వాటికి మాత్రం డిఫాల్ట్ ఇవ్వకండి. అవి లేకపోతే ప్రోగ్రామ్‌ను మొదట్లోనే ఆపేయండి. ఆపేటప్పుడు దొరకని సెట్టింగ్ పేరు, దానికోసం వెతికిన ఫైళ్ల పేర్లు ఎర్రర్ సందేశంలో రాయండి.