కదిలినా రూపు చెదరని ఫిల్టర్

మీడియం వేవ్‌లో ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837. పాత ట్రాన్సిస్టర్ రేడియో వాడిన ఇళ్లలో ఈ రెండు చోట్లూ చేతికి అలవాటే. చూడకపోయినా నాబ్ వెళ్లి అక్కడే ఆగేది. ఆ రెంటి మధ్య నాబ్ తిరిగినంతలో లోపల జరిగేది చాలా చిన్న పని. కాయిల్ 200 మైక్రోహెన్రీలది అనుకుంటే హైదరాబాద్‌కి దాని పక్కన 233 పీకోఫారడ్ల కండెన్సర్ కావాలి, విజయవాడకి 181 చాలు. గ్యాంగ్ కండెన్సర్ రేకులు ఒకదాంట్లోంచి ఒకటి కాస్త బయటికి జరిగి ఆ 52 పీకోఫారడ్లు తగ్గిస్తాయి. స్టేషన్ మారిపోతుంది.

ట్యూనబుల్ ఫిల్టర్ అంటే ఇంతేనా అనిపిస్తుంది. కాయిల్, కండెన్సర్ కలిస్తే ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర అనునాదం వస్తుంది, కండెన్సర్ మారిస్తే ఆ ఫ్రీక్వెన్సీ మారుతుంది. ఇది ఇంటర్మీడియట్ ఫిజిక్స్ పుస్తకంలోనే ఉంది. ఆలివర్ లాడ్జ్ 1897లో, మార్కోనీ 1900లో దీనిమీద పేటెంట్లు తీసుకున్నారు. మార్కోనీ పేటెంటు నంబరు 7777. అయినా ఈ పనిలో ఉన్న ఇంజనీర్లని అడిగితే ఫిల్టర్‌ని జరపడం అసలు కష్టమే కాదంటారు. దాన్ని జరిపినప్పుడు మిగతావేవీ జరగకుండా చూడటానికే ఏళ్లు గడిచిపోతాయి.

ఫిల్టర్‌కి ఉన్న చోటుతో పాటు వెడల్పూ ముఖ్యమే. ఎంత మేర రానిస్తుంది, ఎక్కడినుంచి ఆపేస్తుంది అన్నది ఆ వెడల్పే చెబుతుంది. మన రేడియో కాయిల్ క్యూ, అంటే అనునాదం ఎంత పదునో చెప్పే అంకె, 100 అనుకుందాం. ఫ్రీక్వెన్సీని క్యూతో భాగిస్తే వెడల్పు వస్తుంది. డయల్ కింది కొసన, 540 దగ్గర, అది 5.4 కిలోహెర్ట్జ్. పై కొసన, 1600 దగ్గర, 16. మన దగ్గర మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ లెక్కన ఉంటుంది. అంటే అదే కాయిల్ ఒక కొసన పాటలోని సన్నని ధ్వనుల్ని కోసేస్తుంది, ఇంకో కొసన పక్క స్టేషన్‌ని ఇంట్లోకి రానిస్తుంది. నాబ్ తిప్పినవాళ్లు అడిగింది చోటు మార్చమని మాత్రమే. ఫిల్టర్ రూపు కూడా మార్చేసింది.

దీనికి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో చూపిన దారి ఇప్పటికీ ఆశ్చర్యమే. ఫిల్టర్‌ని కదపొద్దు, స్టేషన్‌నే దాని దగ్గరికి తెద్దాం అన్నాడు. రేడియోలోనే ఒక ఆసిలేటర్ పెట్టి, వచ్చే సిగ్నల్‌తో కలిపి, ఏ స్టేషన్‌నైనా ఒకే ఫ్రీక్వెన్సీకి దించేయడం. మన రేడియోల్లో అది 455 కిలోహెర్ట్జ్. అక్కడ ఒక మంచి ఫిల్టర్‌ని ఒకేసారి తయారుచేసి పెట్టుకుంటే దాని వెడల్పు ఎన్నటికీ మారదు. సూపర్‌హెటరోడైన్ అంటే ఇదే. ట్యూనబుల్ ఫిల్టర్ చరిత్రలో అన్నిటికంటే గొప్ప అడుగు ట్యూనబుల్ ఫిల్టర్‌ని తప్పించుకోవడమే అన్నా అతిశయోక్తి కాదు.

పూర్తిగా మాత్రం తప్పించుకోలేం. 540 వినాలంటే ఆసిలేటర్ 995 దగ్గర ఉండాలి. 995లోంచి 540 తీసేస్తే 455. కానీ 1450లోంచి 995 తీసేసినా 455 వస్తుంది. 1450లో ఎవరు మాట్లాడుతున్నా ఆ గొంతు నేరుగా 540 మీద వచ్చి పడుతుంది. దీన్నే ఇమేజ్ అంటారు. దాన్ని గుమ్మంలోనే ఆపాలంటే ముందు భాగంలో మళ్లీ ఒక కదిలే ఫిల్టర్ ఉండాల్సిందే, అది ఆసిలేటర్‌తో పాటే కదలాలి.

చిక్కంతా ఆ పాటే కదలడంలో ఉంది. ఒకే ఇరుసు మీద రెండు కండెన్సర్లు: ఒకటి యాంటెన్నా కాయిల్‌కి, ఒకటి ఆసిలేటర్‌కి. యాంటెన్నా వైపు 540 నుంచి 1600 దాకా పోవాలంటే కెపాసిటెన్స్ దాదాపు తొమ్మిదో వంతుకు పడిపోవాలి. ఆసిలేటర్ 995 నుంచి 2055 దాకా పోతే చాలు గనుక దానికి నాలుగింతల పైచిలుకు తేడా సరిపోతుంది. ఇరుసు ఒకటే, నడకలు రెండు. అందుకే ఆసిలేటర్ వైపు సీరీస్‌లో ప్యాడర్ అనే కండెన్సర్ వేస్తారు, లేదా ఆ భాగంలో రేకులనే వేరే కొలతకి కోస్తారు.

రేడియో మెకానిక్ బల్ల మీద ఇదంతా కళ్లారా చూడొచ్చు. వెనక మూత తీస్తే రెండు సెంటీమీటర్ల ప్లాస్టిక్ గ్యాంగ్, దాని వీపున ట్రిమ్మర్లనే చిన్న సర్దుబాటు కండెన్సర్లు, పక్కనే రేకు డబ్బాల్లో కాయిళ్లు. ఎర్ర కోర్ ఉన్నది ఆసిలేటర్‌ది; పసుపు, తెలుపు, నలుపు కోర్లవి 455 దగ్గర పనిచేసే ఐ.ఎఫ్.టి.లు. కింది కొసన స్టేషన్ పట్టి ఎర్ర కోర్ తిప్పుతారు, ఫెరైట్ రాడ్ మీద కాయిల్‌ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతారు. పై కొసకి వెళ్లి ట్రిమ్మర్లు తిప్పుతారు. పై కొస సర్దగానే కింది కొస కొంచెం పోతుంది, మళ్లీ మొదలు. చేతిలో ప్లాస్టిక్ స్క్రూడ్రైవరే ఉండాలి. ఇనుప మొన కోర్‌ని తాకితే కాయిల్ విలువే మారిపోతుంది, సరిగ్గా కుదిరిందనుకుని తీయగానే స్టేషన్ జారిపోతుంది. కోర్ పెళుసు, బలవంతపెడితే పగులుతుంది. అంతా కుదిరాక రాడ్ మీద కాయిల్ కదలకుండా మైనం చుక్క. ఇంత చేసినా రెండు నడకలూ కచ్చితంగా కలిసేది డయల్ మొత్తం మీద మూడు చోట్లే. మిగతా చోట్ల కొద్దిపాటి తేడా ఉండనే ఉంటుంది. ఆ తేడా ఎక్కడెక్కడ ఎంత ఉండొచ్చో ముందే తేల్చుకున్నవాళ్లదే మంచి డిజైన్.

రేకుల కాలం పోయి వారక్టర్ డయోడ్ వచ్చింది. డయోడ్ మధ్య భాగంలో కరెంటు మోసే కణాలు లేని ఒక పొర ఉంటుంది. తిరగేసి ఇచ్చే వోల్టేజి పెంచిన కొద్దీ ఆ పొర మందమవుతుంది, కెపాసిటెన్స్ తగ్గుతుంది. అంటే వోల్టేజితో తిరిగే గ్యాంగ్ అన్నమాట. ఎనభైలు, తొంభైల టీవీల ముందు చిన్న మూత తీస్తే వరసగా కనిపించిన ట్యూనింగ్ చక్రాలు ఈ డయోడ్లకి వోల్టేజి ఇచ్చేవే. సున్నా నుంచి ముప్పై వోల్టుల దాకా.

సౌకర్యం బాగానే ఉంది, కానీ వారక్టర్‌కి నాబ్ ఇచ్చే వోల్టేజి ఏదో, వచ్చే సిగ్నల్ ఏదో తెలియదు. బలమైన సిగ్నల్ వస్తే దాని ఊపుకే కెపాసిటెన్స్ అటూ ఇటూ అవుతుంది. అప్పుడు ఫిల్టర్ తనంతట తానే కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టిస్తుంది. అందుకే డిజైనర్లు రెండు డయోడ్లని ఎదురెదురుగా కడతారు. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గి, రెండూ కలిసి దాదాపు స్థిరంగా ఉంటాయి. తక్కువ వోల్టేజి దగ్గర ఈ జబ్బు ముదురుతుంది, క్యూ కూడా అక్కడే పడిపోతుంది. డేటాషీట్‌లో ఒక వోల్టు నుంచి పనిచేస్తుందని ఉన్నా, అనుభవం ఉన్నవాళ్లు అంత కిందికి వెళ్లరు.

చిప్ లోపలికి వెళ్తే కథ ఇంకా రసవత్తరం. కిలోహెర్ట్జ్, తక్కువ మెగాహెర్ట్జ్ ఫిల్టర్లకి కావలసినంత కాయిల్‌ని సిలికాన్ మీద చుట్టలేరు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, యాంప్లిఫయర్లతోనే ఇంటిగ్రేటర్లు కట్టి ఫిల్టర్ చేయాలి. అక్కడ రెసిస్టర్ విలువ ఒక బ్యాచ్ నుంచి ఇంకో బ్యాచ్‌కి ఇరవై శాతం దాకా తప్పొచ్చు, కెపాసిటర్ ఇంకో పది. రెండూ ఒకే వైపు తప్పితే ఫిల్టర్ చోటు దాదాపు ముప్పై శాతం పక్కకి పోతుంది. వేడెక్కితే ఇంకొంచెం. లక్షల చిప్‌లకి ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎవరు కూర్చుంటారు?

సిలికాన్‌లో ఒక మంచి గుణం ఉంది. విలువలు ఎంత తప్పినా పక్కపక్కనే ఉన్న రెండు కెపాసిటర్లు ఒకేలా తప్పుతాయి. వాటి మధ్య తేడా ఒక శాతంలోపే. దీన్ని పట్టుకుని ఐఐటీ మద్రాస్ ఆచార్యులు కె. రాధాకృష్ణరావు ఇద్దరు సహచరులతో కలిసి 1977లో ప్రొసీడింగ్స్ ఆఫ్ ద ఐఈఈఈలో చిన్న పత్రం ప్రచురించారు. దాని పేరు ఫాలో ద మాస్టర్ ఫిల్టర్. అసలు ఫిల్టర్ పక్కనే అలాంటిదే ఇంకొకటి, మాస్టర్, కట్టాలి. దానికి కచ్చితమైన రిఫరెన్స్ ఫ్రీక్వెన్సీ ఒకటి ఇచ్చి, అది సరైన చోట ఉందో లేదో సర్క్యూటే చూసుకుంటూ కంట్రోల్ వోల్టేజిని సర్దాలి. అదే వోల్టేజిని అసలు ఫిల్టర్‌కీ పంపాలి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసినట్టే. సిగ్నల్ వచ్చే దారిలో అసలు ఫిల్టర్ తన పని ఆపకుండా చేసుకుపోతుంది, పరీక్షంతా పక్కవాడి మీద. ఆ తర్వాతి దశాబ్దాల్లో డిస్క్ డ్రైవుల్లో, మోడెముల్లో, వైర్‌లెస్ చిప్‌లలో ఈ పద్ధతి ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే వచ్చింది.

ఈ పద్ధతిలో ఒక సూక్ష్మం ఉంది. మాస్టర్ సరైన చోట ఉందని ఎలా తెలుస్తుంది? అవుట్‌పుట్ ఎక్కడ ఎక్కువగా ఉందో చూస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. శిఖరం పైభాగం దాదాపు బల్లపరుపు. అటు కాస్త జరిగినా ఇటు కాస్త జరిగినా ఎత్తులో తేడా కనిపించదు. ఫేజ్ అలా కాదు, సరిగ్గా అక్కడే అన్నిటికంటే నిటారుగా మారుతుంది. రెండో ఆర్డర్ లో-పాస్ ఫిల్టర్‌లో అనునాదం దగ్గర ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ ఫేజ్ తేడా కచ్చితంగా 90 డిగ్రీలు. ఆ రెంటినీ ఒక మల్టిప్లయర్‌లో గుణిస్తే సగటు సున్నా వస్తుంది. సున్నాకంటే పైన ఉంటే ఒక దిక్కుకి, కింద ఉంటే ఇంకో దిక్కుకి జరపాలి. ఎంత తప్పిందో మాత్రమే కాక, ఎటు తప్పిందో కూడా చెప్పే కొలత ఇది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ భారతీయ ఇంజనీరింగ్ కళాశాలల కోసం తెచ్చిన అనలాగ్ కిట్ మాన్యువల్‌లో రాధాకృష్ణరావు ఈ స్వయం ట్యూనింగ్ ఫిల్టర్‌నే ఒక ప్రయోగంగా పెట్టారు. రిఫరెన్స్ ఫ్రీక్వెన్సీ మెల్లగా మారుస్తుంటే ఫిల్టర్ దాని వెంట రావడం ఆసిలోస్కోప్ మీద చూసిన విద్యార్థికి ఫీడ్‌బ్యాక్ అనే మాట ఇంకెవరూ వివరించక్కర్లేదు.

చోటు సరిపోయాక కూడా రూపు పోవచ్చు. రెండు ఇంటిగ్రేటర్ల ఫిల్టర్‌లో ప్రతి ఇంటిగ్రేటర్ 90 డిగ్రీలు వెనక్కి తిప్పాలి. యాంప్లిఫయర్ వేగం చాలక అది 90.5 అయిందనుకోండి. అర డిగ్రీ ఎవరు పట్టించుకుంటారు? క్యూ 30 ఉండాల్సిన ఫిల్టర్ లెక్కలో 60 దాటిపోతుంది. తప్పు ఒక డిగ్రీకి చేరితే అది ఫిల్టర్‌గా ఉండటమే మానేసి ఆసిలేటర్ అవుతుంది, ఇన్‌పుట్ లేకుండానే మోగుతుంది. ఈ లెక్క తెలిసినవాళ్లు ఫ్రీక్వెన్సీకి ఒక లూప్, క్యూకి ఇంకో లూప్ వేస్తారు.

ఇమేజ్‌కీ, దాన్ని ఆపే ఫిల్టర్ ఆసిలేటర్‌తో పాటే కదలాలన్న ట్రాకింగ్ చిక్కుకీ హైదరాబాద్‌లోనే పూర్తిగా వేరే జవాబు దొరుకుతుంది. హామ్ రేడియో ప్రపంచంలో అష్హర్ ఫర్హాన్ పేరు తెలియనివాళ్లు తక్కువ. ఆయన రూపొందించిన బిట్ఎక్స్ ట్రాన్స్‌సీవర్‌ని ఎన్నో దేశాల్లో ఔత్సాహికులు సొంతంగా కట్టుకున్నారు. తొలి బిట్ఎక్స్‌లో కంప్యూటర్లలో వాడే చవక 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్స్‌తో ఫిల్టర్, కుళాయికి వేసే నైలాన్ వాషర్ మీద చుట్టిన ఆసిలేటర్ కాయిల్. ఏ ఊళ్లోనైనా దొరికే సామాను. తర్వాత వచ్చిన మైక్రోబిట్ఎక్స్‌లో సిగ్నల్‌ని ముందు 45 మెగాహెర్ట్జ్‌కి పైకెత్తి, తర్వాత కిందికి దించారు. 30 మెగాహెర్ట్జ్ లోపు ఏది వింటున్నా ఇమేజ్ 90 పైనే పడుతుంది. దాన్ని ఆపడానికి ఒక స్థిరమైన లో-పాస్ ఫిల్టర్ చాలు. గ్యాంగ్ లేదు, ట్రాకింగ్ లేదు, మూడు చోట్ల కలిసే లెక్కా లేదు. కదిలే భాగాన్ని తీసేయడం కూడా డిజైనే, ఈ రచనలో చెప్పిన పనులన్నిటిలో బహుశా ఎక్కువ ధైర్యం కావలసింది అదే.

మొబైల్ ఫోన్ ఇంకో దారి పట్టింది. బ్యాండ్‌కి ఒకటి చొప్పున స్థిరమైన ఫిల్టర్లు, డజన్ల కొద్దీ. సిగ్నల్‌ని స్ఫటికం ఉపరితలం మీద శబ్ద తరంగాలుగా మార్చి వడకట్టే సా ఫిల్టర్లు, పలచని పొర మందంలో మోగే బా ఫిల్టర్లు. వాటి అంచులు అద్భుతమైనంత నిటారు. కానీ సా ఫిల్టర్‌లో ఎలక్ట్రోడ్ వేళ్ల మధ్య ఎడమో, బా ఫిల్టర్‌లో పొర మందమో తయారీలోనే ఖరారైపోతుంది, మళ్లీ జరపలేం. కొత్త బ్యాండ్ వచ్చినప్పుడల్లా బోర్డు మీద ఇంకో ఫిల్టర్, ఇంకో స్విచ్.

ఈ గుంపునంతా ఒకే కదిలే ఫిల్టర్‌గా మార్చాలన్న కోరిక పాత ఆలోచనొకదాన్ని మళ్లీ బయటికి తీసింది. ఎన్-పాత్ ఫిల్టర్‌ని ఫ్రాంక్స్, శాండ్‌బర్గ్ 1960లో బెల్ సిస్టమ్ టెక్నికల్ జర్నల్‌లో వివరించారు. నాలుగు కెపాసిటర్లు, నాలుగు స్విచ్‌లు. ఒక క్లాక్ వాటిని వంతులవారీగా సిగ్నల్‌కి తగిలిస్తుంది. క్లాక్ ఫ్రీక్వెన్సీతో సరిపోయే సిగ్నల్ ప్రతి కెపాసిటర్‌కీ ప్రతిసారీ అదే విలువ ఇస్తుంది గనుక అక్కడ నిలబడుతుంది, మిగతావి సగటులో కొట్టుకుపోతాయి. అప్పట్లో అంత వేగంగా, అంత బాగా పనిచేసే స్విచ్‌లు లేవు. సన్నని ట్రాన్సిస్టర్లు వచ్చాక నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయం బృందం 2011లో 65 నానోమీటర్ల చిప్ మీద 100 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్ దాకా కదిలే నాలుగు దారుల ఫిల్టర్‌ని చూపింది. ఇందులో చోటు నిర్ణయించేది క్లాక్, వెడల్పు నిర్ణయించేది రెసిస్టర్, కెపాసిటర్. ఒకదాన్ని కదిపితే ఇంకొకటి కదలదు. మన రేడియో కాయిల్ 540 నుంచి 1600కి వెళ్లేసరికి పోగొట్టుకున్నది ఇక్కడ నిలిచింది.

ఇంకా ఫోన్లలో సా, బా ఫిల్టర్ల చోటుకి ఇది ఎందుకు రాలేదో ఒక్క లెక్క చెబుతుంది. మన దేశంలో 700 బ్యాండ్ డౌన్‌లింక్ 758 నుంచి 803 మెగాహెర్ట్జ్. క్లాక్‌ని 780 దగ్గర పెడితే నాలుగు దారుల ఫిల్టర్ దానికి మూడింతలైన 2340ని కూడా తెచ్చి 780 మీదికే మడిచేస్తుంది. 2340 అంటే 4జీ నడిచే 2300 బ్యాండ్ నడిమధ్య. పక్క టవర్ సిగ్నల్ బలంగా ఉంటే వినాల్సింది దాని కింద మునిగిపోతుంది. దారులు ఎనిమిదికి పెంచితే మడత ఏడింతలకి, 5460కి, జరుగుతుంది. కానీ ఎనిమిది ఫేజ్‌లూ కచ్చితంగా సమానంగా ఉండాలి, క్లాక్ విభాగం బ్యాటరీని అంతకంతకూ ఎక్కువ తింటుంది. చాలామంది డిజైనర్లు ప్రస్తుతానికి నాలుగుతోనే ఉండి, దాని ముందు చిన్న స్థిర లో-పాస్ ఫిల్టర్ ఒకటి పెట్టి, అందులో ఎంత సిగ్నల్ నష్టపోవచ్చో డెసిబెల్‌లో పదో వంతుల దాకా బేరమాడుతున్నారు.