దిగే రాకెట్‌ని గీయడమెలా?

తెలుగు పేపర్లో కార్టూనిస్టుకి రాకెట్ అంటే ఉల్లిపాయల ధర. టమాటా, పెట్రోలు, బంగారం... ఏది పెరిగినా తోక కింద నాలుగు మంట గీతలు గీసి, ఒంటి మీద సరుకు పేరు రాసేస్తే పాఠకుడికి అర్థమైపోతుంది. అదే రాకెట్ వెనక్కొచ్చి నేల మీద నిలబడ్డం మొదలెట్టేసరికి నాకు చిక్కొచ్చిపడింది.

2015 డిసెంబరులో స్పేస్‌ఎక్స్ వారి ఫాల్కన్ 9 రాకెట్ మొదటి దశ కేప్ కెనవెరాల్‌లో నిలువుగా దిగింది. నేలకి కాస్త ఎత్తులో మంట కక్కుతున్న రాకెట్ లేస్తోందో, దిగుతోందో కదలని బొమ్మలో ఎలా చెప్పడం? బాణం గుర్తు పెట్టడం నాకు నామోషీ. (ఇస్రో వారి రెక్కల వాహనం పుష్పక్ చిత్రదుర్గలో విమానంలా రన్‌వే మీద దిగింది, దాంతో ఈ తంటా లేదు.) ఫొటోలు ముందేసుకుని కూర్చుంటే ఆనవాళ్లు ఒక్కొక్కటే దొరికాయి. ముక్కు ఉండదు, అది పై దశతో వెళ్లిపోయింది, మిగిలింది మొండి గొట్టం. పైన నాలుగు జాలీ రెక్కలు విచ్చుకుని ఉంటాయి. తొమ్మిది ఇంజన్లలో చివరికి వెలిగేది సాధారణంగా ఒక్కటే, కాబట్టి మంట సన్నం. నాలుగు కాళ్లూ ఆఖరి క్షణాల్లో గానీ తెరుచుకోవు. అన్నిటికన్నా నాకు నచ్చింది మసి. కిరోసిన్ మండించే ఇంజన్, పైగా దిగేది తన పొగలోకే. తెల్లగా వెళ్లింది కాస్తా కట్టెల పొయ్యి మీంచి దించిన గిన్నెలా తిరిగొస్తుంది. బ్రష్షుతో కాస్త నల్ల ఇంకు పులిమితే బాణంతో పనే లేదు. పిల్లల కార్టూన్లలో మాత్రం రాకెట్ ఎప్పుడూ తళతళలాడుతూనే దిగుతుంది.

తోక మీద దిగడం బొమ్మల కథలకి కొత్తేం కాదు. బెల్జియం చిత్రకారుడు ఎర్జే 1950ల మొదట్లోనే తన కథానాయకుడు టిన్‌టిన్‌ని అలా చంద్రుడి మీద దింపాడు. ఎరుపు తెలుపు గళ్ల రాకెట్, మూడు రెక్కలే మూడు కాళ్లు. ఆ గళ్లకి మూలం జర్మన్ల వీ-2 రాకెట్: గాల్లో రాకెట్ తన చుట్టూ తాను ఎంత తిరుగుతోందో కనిపెట్టడానికి దానికి గళ్ల రంగులేసేవారు. ఎర్జే ఎంత పకడ్బందీగా ఆలోచించాడంటే, దారిలో ఇంజన్ ఆపించి, రాకెట్‌ని తిప్పించి, తోక చంద్రుడి వైపుకొచ్చాకే మళ్లీ మండిస్తాడు. దిగేటప్పుడు లోపలున్నవాళ్లంతా పడకల మీద స్పృహ తప్పి ఉంటారు. చివరి క్షణంలో లివర్ లాగి అందర్నీ కాపాడే హీరో లేడు. నాకు ఆ పేజీలంటే గౌరవం. తమ కొత్త రాకెట్ స్టార్‌షిప్ రూపంలో టిన్‌టిన్ రాకెట్ వైపు మొగ్గానని స్పేస్‌ఎక్స్ అధినేత ఎలాన్ మస్కే 2018లో చెప్పాడు.

కార్టూన్లు తప్పులో కాలేసేది వేగం దగ్గర. వాటిలో రాకెట్ గాల్లో ఆగి, అటూ ఇటూ చూసుకుని, తీరిగ్గా వాలుతుంది. ఫాల్కన్‌కి అంత తీరిక లేదు. దాదాపు ఖాళీ అయిన గొట్టానికి ఒక్క ఇంజన్‌ని ఎంత తగ్గించినా దాని బలం ఎక్కువే. గాల్లో ఆగి ఉండడం దాని వల్ల కాదు. వేగం సున్నా అవడం, కాళ్లు తగలడం ఒకేసారి జరగాలి. ముందే సున్నా అయితే మళ్లీ పైకి లేస్తుంది. ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

హాస్యం మాత్రం అసలు రాకెట్లదే. 2016 జనవరిలో ఒకటి పసిఫిక్‌లో ఓడ మీద బుద్ధిగా దిగింది. ఒక కాలికి గొళ్లెం పడలేదు. నిలబడింది, మెల్లగా ఒరిగింది, పడి పేలింది. కార్టూన్ సినిమాల దర్శకుడు చక్ జోన్స్ అయినా అంతకన్నా బాగా టైమింగ్ కుదర్చలేడు. 2017లో స్పేస్‌ఎక్స్ తన పేలుళ్లన్నీ గుదిగుచ్చి, బ్యాండు సంగీతం తగిలించి వీడియో వదిలింది. మా పొట్ట కొట్టడమే!

2024 అక్టోబరు 13న టెక్సస్‌లో స్టార్‌షిప్ మొదటి దశ అయిన బూస్టర్‌ని లాంచ్ టవరే తన చేతులతో అందుకుంది. దానికి కాళ్లు లేవు, మండించేది మీథేన్ కాబట్టి మసీ తక్కువే. నా ఆనవాళ్లలో రెండు పోయాయి. ఆ చేతులు గుప్పిట బిగించి పట్టుకున్నట్టు గీస్తుంటారు గానీ, అసలు సంగతి వేరు: బూస్టర్‌కి చెరో పక్కన పొడుచుకొచ్చిన రెండు చిన్న కొమ్ములు ఆ చేతుల మీద ఆనతాయి. దాదాపు 70 మీటర్ల బూస్టర్ వేలాడేది వాటి మీదే. నా బొమ్మలో అవి రెండు చుక్కలు. డెస్కులో కుర్రాడు సిరా మరకలనుకుని చెరిపేయబోతుంటే ఆపాల్సొచ్చింది.