చెవి చెప్పిన వ్యాకరణము

ముప్పది సంవత్సరములు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందిన నాకు ఆంగ్ల వ్యాకరణముతో మరల పని పడునని ఎన్నడును తలపలేదు. మా క్రింది వాటాలో నివసించు అమ్మాయి, పట్టభద్రురాలై, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ వారి సి.జి.ఎల్. పరీక్షకు చదువుకొనుచున్నది. పగలెల్ల చిక్కడపల్లి గ్రంథాలయమున కూర్చుండి, చీకటి పడువేళకు ఇల్లు చేరి, నాటి తప్పులన్నియు ఒక నోటుపుస్తకమున ఎక్కించుకొని, "మాస్టారూ, ఒక్క పది నిమిషాలు" అనుచు మా వరండాలోనికి వచ్చును. ఆ పది నిమిషములు గంటకు తక్కువ కావు.

ఆ పరీక్ష తొలి అంచెలో 100 ప్రశ్నలకు 60 నిమిషములు. అందు ఆంగ్లమునకు 25 ప్రశ్నలు. సరియైన జవాబునకు 2 మార్కులు, తప్పైనచో అర మార్కు కోత. వాక్య సవరణ ప్రశ్నయందు ఒక వాక్యమిచ్చి, అందలి ఒక భాగము క్రింద గీత గీసి, దానికి బదులుగా మూడు పాఠములు చూపి, 'మార్పు అవసరము లేదు' అను మాటను కూడ ఒక జవాబుగా ఉంచుదురు. తాళపత్ర ప్రతులను ముందిడుకొని పాఠాంతరములలో ఏది గ్రాహ్యమో తేల్చు పరిష్కర్త పనియే ఇది. కాకున్న ఆయనకు సంవత్సరములు గడువు, ఈ పిల్లకు అర నిమిషము.

ఆ అమ్మాయి పద్ధతి ఒక్కటే: వాక్యమును పైకి చదివి చెవికి అప్పగించుట. "వినడానికి బాగానే ఉంది కదండీ?" అనును. 'ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అను వాక్యము ఆమెకు బాగుగనే వినబడినది. ఏల వినబడదు? 'రెండేళ్ళ నుంచి ఇక్కడ ఉంటున్నాను' అని పుట్టినది మొదలు వినుచున్న చెవి అది. మన 'నుండి' అను ప్రత్యయము సోమవారము నుండి అన్నను, రెండేండ్ల నుండి అన్నను నొచ్చుకొనదు. ఆంగ్లమో, ఆరంభించిన క్షణమునకు 'సిన్స్' అనియు, గడచిన నిడివికి 'ఫర్' అనియు వేరు మాటలు పెట్టుకొన్నది. క్రియయును అట్టిదే, మనకు వర్తమానము చాలినచోట వారికి 'హ్యావ్ బీన్ లివింగ్' కావలసివచ్చెను. ఆ వాక్యమునందలి రెండు తప్పులును తెలుగున ఒప్పులే.

మరునాడు వచ్చిన వాక్యమున ఒకడు దారిని నడచుచుండగా పాము కఱచినది. కాని 'వాకింగ్ ఎలాంగ్ ది రోడ్, ఎ స్నేక్ బిట్ హిమ్' అనుటచే నడచినది పామే ఐనది. పూర్వకాలమున జరిగిన పనికిని, దాని తరువాతి పనికిని కర్త ఒక్కడే కావలెనని పాణిని 'క్త్వా' ప్రత్యయమునకు విధించిన నియమమును జ్ఞాపకము చేసి, 'నడచుచు' అన్నప్పుడు నడచినదెవరు అని మొదట అడుగుమంటిని. ఇంతటితో పాఠము ముగిసెనని నేను సంతోషించునంతలో ఆ అమ్మాయి, "మరి 'వాన కురిసి చెరువు నిండింది' అంటాం కదండీ? కురిసింది వాన, నిండింది చెరువు" అన్నది. కొంతసేపు నాకు మాట రాలేదు. ఒకటి కారణమై మరియొకటి ఫలమైనప్పుడు, కర్తలు ఇరువురైనను మన భాష ఊరకుండును. ఆ చనువు ఆంగ్లమున లేదు. చెవి మోసపోవుట అట్టి సరిహద్దులయందే.

ఐనను ఆమె నోటుపుస్తకమున అధికముగ కనబడు తప్పు వేరొకటి: చక్కని వాక్యమును సవరించుట. గీత కనబడగానే దోషమున్నదని మనస్సు నిశ్చయించుకొనును. 'మార్పు అవసరము లేదు' అను జవాబు సోమరితనమువలె తోచును. ఆమెను మందలింప నాకు నోరాడలేదు. ఒకప్పుడు ఏడవ తరగతి బాలుడొకడు వ్యాసమున 'అమ్మ తెల్లారగట్ల పొయ్యి రాజేసింది' అని వ్రాసెను. నా చెవికి అది మోటుగ వినబడగా, ఎఱ్ఱసిరాతో కొట్టివేసి 'వెలిగించినది' అని పైన వ్రాసితిని. దీపమును వెలిగింతురు, కట్టెల పొయ్యిని రాజేయుదురు. వాని తల్లి చేసిన పనికి వాడు సరియైన మాట వ్రాసెను, నేను దానిని చెఱపితిని. అది తెలిసివచ్చునప్పటికి ఆ బాలుడు బడి విడిచి పోయియుండెను.

కావున ఆ అమ్మాయికి నేను చెప్పగలిగినది ఇంతియే: చెవి సాక్షియే కాని న్యాయాధిపతి కాదు, అది తప్పన్నచో ఏ నియమము తప్పినదో చూపుమని అడుగవలెను. చూపలేకపోయినచో వాక్యమును ముట్టరాదు. ఎఱ్ఱసిరా చేతనున్నవారికి కూడ ఇదే మనవి.