కారణం గడి వెనక్కి

విజయవాడ నుంచి జగ్దల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి తిరువూరు మీదుగా పోతుంది. ఊరు దాటితే కాసేపటికే తెలంగాణ. ఏజెన్సీ వైపు నుంచి దిగివస్తున్న గంజాయి పట్టుబడిందన్న వార్త ఈ దారి వెంట ఉన్న ఊళ్లకు కొత్త కాదు. ఆ వార్త వచ్చినప్పుడల్లా టీ కొట్టు దగ్గర ఒకే మాట: అది తాగితే పిచ్చెక్కుతుంది. నిజమేనా? ఎంత తాగితే? ఏ రకం తాగితే? ఏ వయసువాడు తాగితే? మన దేశంలో ఈ ప్రశ్నల్ని మొదటిసారి ఇంత విస్తారంగా, ఇంత ఓపికగా పట్టుకున్నవాళ్లు 130 ఏళ్ల కిందటివాళ్లు. వాళ్లు చెప్పిన తీర్పు కన్నా, ఆ తీర్పుకు చేరడానికి పడిన శ్రమ నాకు గొప్పగా కనిపిస్తుంది. అందుకే ఈ పరిచయం.

1893 మార్చి 2న బ్రిటిష్ పార్లమెంటు కామన్స్ సభలో డబ్ల్యూ.ఎస్. కెయిన్ అనే సభ్యుడు గంజాయి మీద ప్రశ్న లేవనెత్తాడు. ఆయన మద్యనిషేధవాది. బెంగాల్‌లో గంజాయి సాగు, అమ్మకం ఎలా జరుగుతున్నాయో, జనం ఆరోగ్యం మీద, నడత మీద దాని ప్రభావం ఏమిటో విచారించాలన్నది ఆయన పట్టు. భారత ప్రభుత్వం ఆ విచారణను దేశమంతటికీ విస్తరించి, జూలైలో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్‌ను నియమించింది. అధ్యక్షుడు డబ్ల్యూ. మాక్‌వర్త్ యంగ్. ఆయనతోపాటు ఒమానీ, ఫ్రేజర్, కలకత్తా మెడికల్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే వార్డెన్, తాహిర్‌పూర్ రాజా శశిశేఖరేశ్వర్ రాయ్, కన్వర్ హర్నామ్ సింగ్, ముజఫర్‌నగర్‌కు చెందిన లాలా నిహాల్ చంద్. ఆగస్టు 3న కలకత్తాలో మొదటి సమావేశం జరిగింది. మరుసటి ఏడాది ఆగస్టు 6న సిమ్లాలో నివేదిక మీద సంతకాలు అయ్యాయి. ఆ ఏడాదిలో దేశమంతా తిరిగి, బర్మా వెళ్లి, 1,193 మంది సాక్షుల మాటలు సేకరించారు. అంతా ఏడు సంపుటాలు, మూడు వేల పైచిలుకు పేజీలు.

తిరువూరు ఉన్న నాటి కృష్ణా జిల్లా ఇప్పటిలా చిన్నది కాదు. గుంటూరు ఇంకా విడిపోలేదు. అది 1904 నాటి ముచ్చట. ఉత్తరాన తిరువూరు, దక్షిణాన బాపట్ల తాలూకా, రెండూ ఒకే కలెక్టరు కింద. బాపట్ల తాలూకాలో సంతరావూరు చుట్టుపక్కల రైతులు గంజాయి పండించేవారు. అంటే కమిషన్ మద్రాసు రాజధానికి వచ్చినప్పుడు మన జిల్లా ఈ కథలో పక్కన నిలబడి చూసిన జిల్లా కాదు, పంట పండించిన జిల్లా.

కమిషన్ చేసిన మొదటి మంచి పని, అన్నిటినీ ఒకే పేరు కింద కలిపేయకపోవడం. ఆకులు నూరి తాగే భంగు వేరు, ఆడ మొక్కల పూతకొమ్మల నుంచి వచ్చే గంజాయి వేరు, యార్కండ్ నుంచి లేహ్ మీదుగా పంజాబుకు దిగుమతయ్యే జిగురు చరస్ వేరు. మత్తు బలాన్ని రకాన్ని బట్టి విడదీసి చూడాలన్న స్పృహ వాళ్లకు మొదటి నుంచీ ఉంది. బెంగాల్‌లో నౌగావ్ పొలాల వర్ణన చదివితే ఇది తెలుస్తుంది. అక్కడ పూత రాకముందే పొద్దార్ అనే నిపుణుడు చేలో సాలు సాలుకూ నడిచేవాడు. కణుపుల దగ్గర వంగి చూసి, మగ మొక్కను గుర్తుపట్టి పీకించేవాడు. ఒక్క మగ మొక్క మిగిలినా ఆడ పూతలో గింజ కడుతుంది, జిగురు తగ్గుతుంది, సరుకు బలం పడిపోతుంది. ఈనాడు అమెరికాలో, యూరప్‌లో గాజు గదుల్లో గింజలేని పూత పెంచేవాళ్లు చేసే పని ఇదే. మత్తుకు కారణమైన టీహెచ్‌సీని విడదీసి దాని నిర్మాణం తేల్చింది 1964లో. అంటే కమిషన్ దగ్గర ఆ కొలమానం లేదు. ఉన్నదానితోనే, జిగురు ఎంత ఉందో తేల్చడానికి నమూనాలను రసాయన పరీక్షకు పంపారు. ఊటీలో ప్రభుత్వ క్వినాలజిస్టుగా, అంటే క్వినైన్ రసాయన నిపుణుడిగా ఉన్న డేవిడ్ హూపర్ ఆ పని చేశాడు. వార్డెన్, హూపర్ ఇద్దరూ అప్పటికే విలియం డైమాక్‌తో కలిసి భారతీయ ఔషధ మొక్కల మీద పెద్ద గ్రంథం రాసినవాళ్లు. సరైన పని సరైన చేతుల్లో పడింది.

నివేదికలో నేను మళ్లీ మళ్లీ తెరిచే భాగం పిచ్చాసుపత్రులది. దేశంలోని ప్రతి పిచ్చాసుపత్రీ ఏటా ఒక పట్టిక అచ్చువేసేది. ఎంతమందికి ఏ కారణంతో మతి చెడిందో అందులో ఉండేది. ఆ పట్టికల్లో గంజాయి వాటా ఘనంగా కనిపించేది. దాని మీదే అందరి వాదనా నిలబడింది. డాక్టర్లు దాన్నే చూపించేవారు, పత్రికలూ దాన్నే రాసేవి. కమిషన్ ఆ అంకెను పట్టుకుని ఒక మామూలు ప్రశ్న అడిగింది: ఈ గడిలో గంజాయి అని రాసింది ఎవరు?

వెనక్కి నడుచుకుంటూ పోయారు. వార్షిక పట్టికలోకి అది ఆసుపత్రి రిజిస్టరు నుంచి వచ్చింది. రిజిస్టరులోకి రోగితోపాటు వచ్చిన వివరాల కాగితం నుంచి వచ్చింది. ఆ కాగితం నింపింది ఎక్కువగా పోలీసులు. వీధిలో తిరిగే మతిలేని మనిషిని తీసుకొచ్చిన జమేదారుకు ఆ మనిషి గతం ఏం తెలుస్తుంది? పేరు, ఊరు, వయసు అయ్యాక కారణం అనే గడి వస్తుంది. దాన్ని ఖాళీగా వదిలితే పైవాళ్లు ఒప్పుకోరు. మనిషి దగ్గర చిలుం దొరికినా, ఇరుగుపొరుగు ఎవరైనా అవునండీ తాగుతాడన్నా, గడి నిండిపోతుంది. తర్వాత ఆ మాటను డాక్టరు తిరగరాస్తాడు. తిరగరాసే కొద్దీ దానికి వైద్యుడి మాట అన్న గౌరవం వస్తుంది. దాని పుట్టుక మాత్రం పోలీసు స్టేషన్లోనే.

అంతటితో ఆగి, పట్టికలు నమ్మదగ్గవి కావని ఒక వాక్యం రాసేసినా పని జరిగేది. వాళ్లు ఆగలేదు. 1892లో గంజాయి కేసులుగా రాసిన 222 మంది కాగితాలను విడివిడిగా బయటికి తీయించారు. ఎక్కడివాడో ఆ ఊళ్లో బంధువుల్ని అడిగించారు: అసలు తాగేవాడా? ఎంత? పిచ్చి ముందా, తాగుడు ముందా? వంశంలో ఎవరికైనా ఉందా? మతి చలించడం మొదలైన మనిషే గంజాయి వైపు పోవచ్చు కదా, అప్పుడు దేన్ని కారణమనాలి? కార్యకారణాన్ని తలకిందులుగా చదివే ప్రమాదాన్ని 1894లోనే ఇంత స్పష్టంగా పట్టుకున్నారు. వడపోత అయ్యాక 98 కేసులు మిగిలాయి. అందులో 61 గంజాయి ఒక్కటే కారణం కావచ్చనిపించినవి, 37 ఇతర కారణాలు కూడా కలిసినవి. ఆ సంవత్సరం ఆసుపత్రుల్లో చేరినవాళ్లు 1,344 మంది. లెక్క 7.3 శాతం దగ్గర తేలింది. సగం పైగా కేసులు రాలిపోయినా, ప్రమాదం ఏమీ లేదని మాత్రం వాళ్లు అనలేదు. మిగిలిన 98 కేసులను దాచలేదు.

నేరాల విషయంలోనూ ఇదే ఓపిక. గంజాయి మత్తులో ఘోరాలు జరిగాయని సాక్షులు 81 కేసులు చెప్పారు. కోర్టు రికార్డులు 23 కేసులకు దొరికాయి. వాటిలో 18 కేసుల్లో గంజాయికీ నేరానికీ సంబంధమే కనిపించలేదు. ఆ కేసుల్లో స్వయంగా పనిచేసిన అధికారులే అసలు సంగతులు మరిచిపోయి, గంజాయి అన్న ముక్క ఒక్కటే గుర్తుపెట్టుకున్నారని కమిషన్ ఆశ్చర్యపోయింది. వదంతి జ్ఞాపకాన్ని ఎలా మలుస్తుందో చెప్పే ఆ పేరా మనస్తత్వశాస్త్ర పాఠానికి తీసిపోదు. కమిషన్ కోసం కలకత్తాలో కన్నింగ్‌హామ్ అనే డాక్టరు ఒక కోతికి నెలల తరబడి గంజాయి పొగ పట్టించి, తర్వాత మెదడు కోసి చూశాడు. ఒక్క కోతితో తేలేది తక్కువే, కానీ పోల్చడానికి నల్లమందు, ఉమ్మెత్త కూడా పరీక్షించారన్నది గమనించాలి.

లోటు లేదా? ఉంది. గంజాయి మీద పన్ను వసూలు చేసుకుంటున్న ప్రభుత్వమే విచారణ జరిపించింది. సాక్షుల్లో ఉద్యోగులు, పెద్దమనుషులు ఎక్కువ. తాగేవాడి గొంతు తక్కువ వినిపిస్తుంది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతిగా వాడితే ఉంది, నిషేధం వద్దు, లైసెన్సు, పన్ను, సాగు నియంత్రణ చాలు అన్నది వారి తీర్పు. రాజా శశిశేఖరేశ్వర్ రాయ్, లాలా నిహాల్ చంద్ ఒప్పుకోలేదు. ఆ అసమ్మతి పత్రాలు నివేదికలోనే అచ్చయ్యాయి.

ఆ తీర్పును ఎత్తుకొచ్చి, గంజాయి వల్ల ఏమీ కాదని ఈనాడు వాదించేవాళ్లున్నారు. అది కమిషన్‌కు చేసే అన్యాయం. వాళ్లు చూసిన సరుకు వేరు, తాగిన వయసులు వేరు. 2019లో లాన్సెట్ సైకియాట్రీలో మార్తా డి ఫోర్టీ బృందం యూరప్‌లో, బ్రెజిల్‌లో పలుచోట్ల లెక్క తీస్తే, 10 శాతం పైన టీహెచ్‌సీ ఉన్న గంజాయిని రోజూ తాగేవాళ్లకు సైకోసిస్ వచ్చే అవకాశం అసలు తాగనివాళ్లకన్నా దాదాపు ఐదింతలు ఉంది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2021లో చట్టం చేసి మరీ గాఢమైన గంజాయి ఉత్పత్తుల మీద సమీక్ష చేయించింది. అక్కడి ప్రజారోగ్య కళాశాల పరిశోధకులు 452 అధ్యయనాలను జల్లెడ పట్టారు. మన దగ్గర కేంద్ర సామాజిక న్యాయశాఖ ఎయిమ్స్‌తో చేయించిన సర్వే 2019లో వచ్చింది. ఏడాదిలో ఒక్కసారైనా భంగు తాగినవాళ్లు 2 శాతం, గంజాయి, చరస్ వాడినవాళ్లు 1.2 శాతం. వాడకంలో భంగుదే పైచేయి, వదల్లేని స్థితికి చేరినవాళ్లు మాత్రం గంజాయి, చరస్ వైపే ఎక్కువ. బలాన్ని విడదీసి చూడాలన్న పాత కమిషన్ పట్టుదల సరైనదేనని చెప్పడానికి ఈ రెండు సంగతులు చాలు.

మన చట్టం మాత్రం తూకం చూస్తుంది. గంజాయి కిలో దాకా తక్కువ పరిమాణం, 20 కిలోలు వాణిజ్య పరిమాణం. చరస్ అయితే 100 గ్రాములు, కిలో. పట్టుబడిన సరుకు నమూనా ఎలాగూ ఫోరెన్సిక్ ల్యాబుకు వెళుతుంది. అక్కడే టీహెచ్‌సీ శాతం కూడా కొలిచి, పేర్లు లేకుండా ఒకచోట చేర్చాలి. డీఅడిక్షన్ సెంటరుకు వచ్చిన కుర్రాడి కేస్‌షీటులో ఏ వయసులో మొదలుపెట్టాడు, ఏ రకం, రోజుకు ఎన్నిసార్లు, మనసు చెదరడం అంతకు ముందా తర్వాతా అన్న నాలుగు సంగతులు వాళ్లమ్మను, స్నేహితుణ్ణి కూడా అడిగి రాయాలి. ఎవరు చెప్పారో కూడా పక్కనే రాయాలి.